ఫ్రాంకీ, కించెమ్, మా నాయిన

నాయిన పోయినంక మలక్‌పేట వైపు వెళ్ళడం తగ్గిపోయింది. మొన్న ముసురు పట్టిన పొద్దున, చుట్టాలింట్లో పెళ్ళిపత్రిక ఇవ్వడానికి పోయి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే రేసుకోర్సు మీంచి గాలి ఇటు తిరిగింది. తడిసిన గడ్డి, గుర్రపు లద్దె, చెమట పట్టిన తోలు, ఎక్కడో ఉడుకుతున్న ఉలవలు. పక్కనే దిగుతున్న కాలేజీ పిల్ల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం రెయిలింగు పట్టుకుని, పత్రికల సంచీ తడుస్తున్నా పట్టనట్టు నిలబడిపోయాను.

ఈ వాసన తగిలితే నాకు రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి ఇదే, నేను పుట్టి పెరిగిన మలక్‌పేట. రెండోది హంగేరీలో, బుడాపెస్ట్‌కు గంట దూరంలో, ఒక చిన్న ఊరి గుర్రాల మైదానం. అక్కడ ఒక సాయంత్రం చెక్కబెంచీ మీద కూర్చుని, ఎప్పుడో 1870లలో పరిగెత్తిన కించెమ్ అనే ఒక ఆడగుర్రం కథను గుర్రాలతోనే ఆడించి చూపిస్తుంటే చూశాను. ఉలవల వాసన ఒక్కటే తక్కువ. అక్కడ గుర్రాలకు ఓట్స్ పెడతారు.

*

నాయిన సైసు, గుర్రాలను సాకేవాడు. పాలమూరు నుంచి కరువుకు పట్నమొచ్చి, కొన్నాళ్ళు మట్టిపని చేసి, ఎవరో చెబితే రేసుకోర్సు లాయంలో చేరాడు. మౌలాలిలో జరిగే గుర్రప్పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు తెచ్చాడని అక్కడి ముసలి సైసులు నిన్న మొన్నటి సంగతిలా చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ తాతలు నిజాం గుర్రాలకు గడ్డి వేశారట. అందరి తాతలూ నిజాం గుర్రాలకే వేశారు, మిగతా నవాబుల గుర్రాలు పాపం పస్తులున్నట్టున్నాయి.

తెల్లవారుజామున నాలుగింటికి మా ఇంట్లో దీపం వెలిగేది. నాయిన బీడీ వాసన, బకెట్ పిడి చప్పుడు, తర్వాత తలుపు గొళ్ళెం. సెలవుల్లో నేనూ వెంటబడేవాణ్ణి. లాయంలోకి అడుగు పెట్టగానే నాయిన నాలుకను పళ్ళకు ఆనించి ‘ట్చ్... ట్చ్’ అనేవాడు. వరసలోని గుర్రాలన్నీ చెవులు ఇటు తిప్పేవి. తన రెండు గుర్రాలు మాత్రం సకిలించేవి.

ముందు ఖరారా. ఇనుప పళ్ళ దువ్వెనతో మెడ మీంచి తొడ దాకా గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. నాలుగు చేతులు ఆడించాక ఆ ఖరారాను నేలకేసి కొడితే గచ్చు మీద ఒక తెల్లటి దుమ్ము గీత పడేది. మళ్ళీ రుద్దుడు, మళ్ళీ కొట్టుడు, ఇంకో గీత. గంటసేపటికి గుర్రం ముందు గీతల వరస తయారయ్యేది. ట్రైనర్ దొర వచ్చి గుర్రాన్ని చూసేముందు నేల చూసేవాడు. గీతలు తక్కువ పడితే మాట పడాల్సిందే. కొందరు తెలివిమంతులు కొద్దిగా సున్నం పెట్టి గీతలు గీసేవాళ్ళని నాయిన చెప్పేవాడు. ఆయన దగ్గర అట్లాంటివి నడవవు. ‘దొర కంటికి సున్నం కొడతవు, గుర్రం ఒంటికేం కొడతవు’ అనేవాడు.

చీకట్లోనే గుర్రాలు ట్రాక్ మీదికి పోయేవి. మనుషులు కనబడేవాళ్ళు కాదు. ఇసుక మీద డెక్కల చప్పుడు మెల్లగా మొదలై, దగ్గరికి వచ్చేసరికి గుండెలో కొట్టుకునేది, ముక్కుల్లోంచి ఊపిరి బుసబుసా వినపడేది, అంతలోనే దూరమయ్యేది. తిరిగొచ్చిన గుర్రాన్ని ఒళ్ళు చల్లారేదాకా నడిపించడం నాయిన పని. వేడి మీద నీళ్ళు తాగనివ్వకూడదనేవాడు. అటు వైపు లాడాలు కొట్టే నాల్‌బంద్ కొలిమి, సుత్తి దెబ్బలు, డెక్క కాలిన వాసన. ఏడు గంటలకు దాణా కుండలు దించేవాళ్ళు. ఉడికిన ఉలవలు, బార్లీ, గోధుమ తవుడు. గుర్రం తిన్నాకే నాయిన తినేవాడు. ఇది నియమమేం కాదు, ఆయన అలవాటు.

పందెం రోజు నాయిన తెల్ల బట్టలకు అమ్మ గంజి పెట్టేది. పాడక్‌లో గుర్రాన్ని పగ్గం పట్టి గుండ్రంగా తిప్పేటప్పుడు ఆ బట్టలు ఫెళఫెళలాడేవి. గెలిస్తే ఇనాం. ఓడితే గుర్రానికి ఏ పేరు పెట్టినా సైసుకు పెట్టే పేరు మాత్రం ఒకటే. అది ఇక్కడ రాయను.

అమ్మకు రేసులంటే గిట్టేది కాదు. నల్లా దగ్గర ఎవరైనా ‘మీ ఆయన రేసులకు పోతడట గదా’ అంటే ప్రాణం మీదికి వచ్చేది. ‘ఆడనీకి కాదమ్మా, గుర్రాలను కడగనీకి’ అని ప్రతిసారీ విడమరిచి చెప్పుకునేది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కిందికి రాదు, నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు చెప్పింది. నాయిన ఆ వార్త నాతో పైకి చదివించి, ఆమెకు వినబడిందా లేదా అని వంటింట్లోకి తొంగి చూశాడు. ‘కోర్టు చెప్పినంక అమ్ముకున్న ఇండ్లు వాపస్ వస్తయా’ అంది అమ్మ, చపాతీ తిప్పేస్తూ.

ఒక రాత్రి నాయిన ఇంటికే రాలేదు. గుర్రానికి శూల పట్టింది. కడుపు బిగిసి, తల తిప్పి పక్కటెముకలను చూసుకుంటూ, కింద పడి పొర్లాడబోతుంది. పొర్లితే పేగు మెలిపడుతుందంటారు. పడనివ్వకుండా నడిపిస్తూనే ఉండాలి. నేను ఫ్లాస్కులో చాయ్ పట్టుకుపోతే నాయిన తాగలేదు. డాక్టర్ వచ్చి ఇంజెక్షన్ చేసి పోయాడు. నడక ఆగలేదు. దీపం కిందికి వచ్చినప్పుడు ఇద్దరూ కనపడేవాళ్ళు, చీకట్లోకి పోయినప్పుడు ‘ట్చ్... ట్చ్’ ఒక్కటే. పొద్దుపొడుపుకు గుర్రం లద్దె వేసింది. దాన్ని చూసి నాయిన నవ్విన నవ్వు, నా ఇంజనీరింగ్ సీటుకు కూడా నవ్వలేదు.

*

బుడాపెస్ట్‌లో ఉద్యోగం కొన్నేళ్ళు. మా ఆఫీసులో పెద్దావిడ ఒకరు ఉండేవారు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే చెప్పాను. ఆవిడ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేసి, ‘రేసు గుర్రాలా? అయితే ఈ ఆదివారం నీకు వేరే పని పెట్టుకోకు’ అన్నారు.

ఆ ఆదివారం తీసుకుపోయింది సిటీ పార్కులోని వైదాహున్యద్ కోటకు. లోపల వ్యవసాయ మ్యూజియం. నాగళ్ళు, ద్రాక్ష గానుగలు, అవన్నీ దాటించి ఒక అస్థిపంజరం ముందు నిలబెట్టారు. కించెమ్. 1874లో కిష్‌బేర్ ప్రభుత్వ అశ్వశాలలో పుట్టిన ఆడగుర్రం. 54 పందేలు పరిగెత్తింది, 54 గెలిచింది. రెండో ఏట 10, మూడో ఏట 17, నాలుగో ఏట 15, అయిదో ఏట 12. ఆవిడ ఈ అంకెలు ఎక్కాల్లాగా అప్పజెప్పారు. హంగేరీ పిల్లలకు ఇవి బళ్ళోనే వస్తాయా అంటే, బళ్ళో కాదు, తాత ఒళ్ళో వస్తాయన్నారు.

నేను ఆ ఎముకలనే చూస్తున్నాను. గుర్రం అంటే కండలు, నరాలు, చెమటతో మెరిసే తోలు. వాటన్నిటి కింద ఇంత సన్నటి కాళ్ళుంటాయని రోజూ ఆ కాళ్ళకు పట్టీలు చుట్టే మనిషి కొడుకునైన నాకే తట్టలేదు. మ్యూజియంలో నాఫ్తలీన్ గుండ్ల వాసన. గుర్రం వాసన లేదు. అది నాకేమిటో లోటనిపించింది, ఆ మాటే అన్నాను. ‘వాసన కావాలా? ఎండాకాలం రానీ’ అన్నారావిడ.

*

ఎండాకాలం చివర్లో అనుకుంటా, ఆవిడ, ఆవిడ భర్త, నేను కారులో బయల్దేరాం. రోడ్డుకు రెండువైపులా పొద్దుతిరుగుడు చేలు, పూలు నల్లబడి తలలు వాల్చేసి ఉన్నాయి. మైదానం చేరేసరికి లాంగోష్ అమ్మే బండ్ల ముందు పెద్ద లైను. మన పూరీనే పళ్ళెమంత చేసి, వెల్లుల్లి నీళ్ళు చల్లి, పైన పుల్లటి మీగడ, చీజ్ వేసి ఇస్తారు. చేతులకు నూనె కారుతుంటే వెళ్ళి కూర్చున్నాం. గాలి మారింది, గుర్రాల వాసన వచ్చింది. నాకు ఒక్కసారిగా ఆకలి పోయింది. ఇంటి మీద బెంగ ఎప్పుడు ఎక్కడ పట్టుకుంటుందో చెప్పలేం.

మొదటి సగం హంగేరీ గుర్రాల వైభవం. మైకులో ఒకాయన గొంతు, వెనక జెండాలు, కొద్దిగా ఎక్కువే అనిపించే సంగీతం. బాబోల్నా అశ్వశాల నుంచి షాగ్యా అరబ్బు జాతి గుర్రాలు వచ్చాయి, బూడిద రంగువి, తోక ఎత్తి నేలకు ఆననట్టు నడుస్తాయి. తర్వాత నోనియస్‌లు. నెపోలియన్ యుద్ధాల్లో చేజిక్కిన ఒక ఫ్రెంచి మగగుర్రం 1816లో మెజోహెద్యెష్ అశ్వశాలకు చేరిందట, దాని పేరే ఈ జాతికి పెట్టారు. నల్లగా, దిట్టంగా, బండి లాగడానికే పుట్టినట్టు ఉన్నాయి. వాటి వెనక హుస్సార్లు, అంటే పాతకాలపు గుర్రపు సైనికులు, ఎర్ర కోట్లు, జరీ తాళ్ళు, దూసిన కత్తులు. జనం లేచి నిలబడ్డారు. నా పక్కన ఒక తాత టోపీ తీశాడు.

అసలు ఊపు చికోష్‌లతో వచ్చింది. హోర్తోబాజ్ మైదానాల్లో గుర్రాల మందలు కాసేవాళ్ళు. ఆ మైదానాలను 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీలం రంగు వదులు బట్టలు, గాలికి లేచే వెడల్పాటి లాగులు, నల్ల టోపీ. వాళ్ళ జీనుకు పొట్ట కింద కట్టే పటకా ఉండదు. ఊరికే వీపు మీద పరిచి ఎక్కేస్తారు. దుండగులు వస్తే క్షణంలో జీను పడేసి గుర్రం ఎక్కాలి కదా, బిగించే తీరిక ఎక్కడుంటుందని పెద్దావిడ భర్త వివరించారు. కొరడాలు తలమీద తిప్పి విదిలిస్తే తుపాకీ పేలినట్టు చప్పుడు. గుర్రాలు మాత్రం చెవి కూడా ఆడించలేదు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడుకు అలవాటు చేస్తారు, అది పక్కన పేలుతుంది తప్ప ఒంటిమీద పడదు. తర్వాత గుర్రాలు కుక్కల్లా వెనక కాళ్ళ మీద కూర్చున్నాయి, పక్కకు ఒరిగి పడుకున్నాయి. చెట్టు లేని ఆ మైదానంలో శత్రువు కంట పడకుండా గడ్డిలో దాక్కోవడానికి నేర్పిన విద్య అట. చూడ్డానికి బాగుంది కానీ గుర్రం కూర్చుంటే నా కడుపులో ఏదో అయింది. మా లాయంలో గుర్రం అట్లా కూర్చుందంటే డాక్టర్ కోసం పరుగు తీయాల్సిందే.

చివరికి అయిదు గుర్రాల దౌడు. వెనక రెండు గుర్రాల వీపుల మీద చెరో కాలు వేసి మనిషి నిలబడ్డాడు, ముందు మూడు గుర్రాలు, అన్నిటి పగ్గాలూ ఎడమచేతిలో. మైదానం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఇది తాతలనాటి విద్య కాదట, కోఖ్ అనే చిత్రకారుడు ఊహించి బొమ్మ గీస్తే, 1950లలో ఒక చికోష్ దాన్ని నిజం చేసి చూపించాడట. సంప్రదాయం అనుకున్నది బొమ్మలోంచి పుట్టిందన్నమాట. ఇక్కడ జనం చప్పట్లు ముందు ఎవరికి వాళ్ళుగా మొదలై, కాసేపటికి అందరూ ఒకే తాళంలోకి వచ్చేస్తారు. బెంచీలు అదిరాయి.

*

చీకటి పడ్డాక కించెమ్ వచ్చింది.

కించెమ్ వేషం వేసిన గుర్రం ఎర్రది, నుదుటి మీద కొద్దిగా తెలుపు. రేసు జాతిది కాదని చూడగానే తెలిసిపోయింది. మెడ లావు, నడక నెమ్మది. రేసు గుర్రాన్ని ఇంతమంది మధ్యకు, ఇన్ని దీపాల్లోకి తెస్తే వేషం వేస్తుందా, వేసినవాణ్ణి వేస్తుంది.

కథ ఎర్నో బ్లాస్కోవిచ్ అనే భూస్వామితో మొదలైంది. తన ఎస్టేటులోని పిల్లగుర్రాలను బేరం పెడితే కొన్నవాడు మిగతావి తీసుకుని, అవకతవకగా ఉందని దీన్ని వదిలేశాడట. దాన్నే ఆయన గోద్ ఊళ్ళో ఉన్న రాబర్ట్ హెస్ప్ అనే ఇంగ్లిష్ ట్రైనర్‌కు అప్పజెప్పాడు. 1876లో బెర్లిన్‌లో మొదటి పందెం. ఆ తర్వాత నాలుగేళ్ళు రైలు పెట్టెలోనే సగం బతుకు. వియన్నా, ప్రాగ్, హాంబర్గ్, హానోవర్, ఫ్రాంక్‌ఫర్ట్, బుడాపెస్ట్. మైదానం మధ్యలో చెక్కతో చేసిన రైలుపెట్టె, దాని కిటికీలో ఒక లాంతరు. ఒక్కో ఊరి పేరు చదివినప్పుడల్లా గంట కొట్టి లాంతరు ఊపేవాళ్ళు. 1878లో ఇంగ్లండుకు పోయి గుడ్‌వుడ్ కప్ గెలిచింది. ఆ పందేనికి నిలబడినవి మొత్తం మూడే గుర్రాలు. అటునుంచి ఫ్రాన్స్‌లో డోవిల్, అటునుంచి జర్మనీలో బాడెన్. బాడెన్‌లో ప్రిన్స్ గైల్స్ అనే గుర్రంతో సమానంగా గీత దాటింది. మళ్ళీ పరిగెత్తించారు, గెలిచింది. ఆ బాడెన్ పందెం వరసగా మూడేళ్ళు దీనిదే.

నా కళ్ళు మాత్రం వేరేచోట ఉన్నాయి. కథలో ఒక కుర్రాడున్నాడు, ఫ్రాంకీ. కించెమ్ సైసు. రైలుపెట్టెలో గడ్డి మీద దాని పక్కనే పడుకునేవాడు. ఒక చలిరాత్రి తనకు కప్పుకోవడానికి లేక ముడుచుకుని ఉంటే, కించెమ్ తన ఒంటిమీది కంబళిని పళ్ళతో లాగి వాడి మీద వేసిందట. అప్పట్నుంచి ఎంత చలిలోనూ కంబళి కప్పించుకోలేదని చెబుతారు. ఆ దృశ్యాన్ని గుర్రంతో చేయించారు. గుర్రం వీపు మీది కంబళి కొసను పట్టుకుని లాగింది, మొదటిసారి జారిపోయింది, రెండోసారి వచ్చింది, కుర్రాడి మీద సగం పడింది. వెయ్యి మంది ఉన్నచోట దగ్గు కూడా వినబడలేదు.

దానికో పిల్లి కూడా ఉండేదట. గుడ్‌వుడ్ గెలిచి తిరిగొస్తుంటే, ఓడ దిగాక పిల్లి కనపడలేదు. కించెమ్ రైలెక్కనని మొండికేసింది. పిల్లి వచ్చాకే కదిలిందట. ఇంటి బావి నీళ్ళు తప్ప తాగేది కాదు కాబట్టి వాటినీ వెంట తీసుకుపోయేవాళ్ళు. బాడెన్‌లో ఒకసారి అవి అయిపోతే రోజుల తరబడి మూతి పెట్టలేదని ఇంకో కథ. గెలిచిన ప్రతిసారీ యజమాని దొర వచ్చి కళ్ళేనికి పూలు గుచ్చాలి. ఆలస్యమైతే జీను తీయనిచ్చేది కాదు. వీటిలో ఎంత నిజమో, ఎంత తర్వాత చేరిందో గానీ, గుర్రాల దగ్గర బతికినవాళ్ళు కల్పించిన కథలే ఇవి, మేడ మీద కూర్చుని రాసినవాడికి పిల్లి తట్టదు.

1887 మార్చి 17న, సరిగ్గా దాని పదమూడో పుట్టినరోజున, కించెమ్ శూలతో చచ్చిపోయింది. దీపాలన్నీ ఆర్పేశారు. చర్చి గంటలు వినిపించారు. నిజంగానే ఆ రోజు దేశంలో గంటలు మోగించారని, పత్రికలు నల్ల అంచులతో వచ్చాయని చెప్పుకుంటారు. ట్రైనర్ హెస్ప్ కూడా కొన్ని వారాలకే పోయాడు. ఆ చీకట్లో నాకు గంటలు కాదు, ‘ట్చ్... ట్చ్’ వినపడింది. గుర్రాన్ని ఆ రాత్రి ఎవరు నడిపించి ఉంటారు, ఎంతసేపు నడిపించి ఉంటారు అని.

ఆఖరున ఫ్రాంకీ ఒక్కడే మైదానంలో నిలబడ్డాడు. వాడికి ఇంటిపేరంటూ లేదట. సైన్యంలో చేరినప్పుడు ఇంటిపేరు అడిగితే కించెమ్ అని చెప్పాడట. పెళ్ళి చేసుకోలేదు. సమాధి మీదా అదే పేరు చెక్కారంటారు. మైకులో గొంతు ఆ మాట చెప్పి ఆగింది, సంగీతం కూడా లేదు. ఆ సాయంత్రం మొత్తంలో వాళ్ళు సంగీతం ఆపింది అక్కడొక్కచోటే. జెండాలు, కత్తులు, ఆ ఉపన్యాసపు గొంతు, అన్నీ ఎక్కువైనా అందుకే నేను ఆ షోను ఏమీ అనను. పందెం చరిత్రలో యజమాని ఉంటాడు, ట్రైనర్ ఉంటాడు, జాకీ ఉంటాడు. గుర్రం తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు కూడా ఉంటాయి. సైసు పేరు మలక్‌పేట రేసుబుక్కులో నేనెప్పుడూ చూడలేదు.

జనం లాంగోష్ బండ్ల వైపు మళ్ళితే నేను తెర వెనక్కి పోయాను. అసలు సైసు అక్కడున్నాడు, అరవై దాటినాయన, భుజాన తువ్వాలు, గుర్రం కాలి పట్టీలు విప్పుతున్నాడు. నాకు వాళ్ళ భాషలో నమస్కారాలు, ధరలు తప్ప రావు. ఏం మాట్లాడాలో తెలియక ‘ట్చ్... ట్చ్’ అన్నాను. ఎర్రగుర్రం చెవులు ఇటు తిప్పింది. ఆయన తలెత్తి చూసి, ఏమీ అడగకుండా తువ్వాలు నా మీదికి విసిరాడు. మెడ తుడిచాను. ఆఫీసుకు వేసుకునే చొక్కా మీద ఎర్ర వెంట్రుకలు చాలా రోజులు ఉన్నాయి.

*

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. కథంతా చెబితే నాయిన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయ్యాక ప్రశ్నలు మొదలు.

‘పిల్లి ఏమాయె తర్వాత?’

‘తెలియదు నాయినా.’

‘గదేంది, అసలుది అడగకపోతివి. మా పాత లాయంల ఒక గుర్రానికి మేక దోస్తు. మేకను పక్కన కట్టకపోతే దాణా ముట్టకపోయేది. బెంగుళూరుకు పందేనికి పంపితే మేకను గూడ లారీ ఎక్కించిన్రు.’

‘నీళ్ళ సంగతి నిజమేనా? వేరే ఊరి నీళ్ళు తాగదా?’

‘తాగదు బిడ్డా. వాసన పడుతది. మేం ఇంటికాడనే నీళ్ళల్ల బెల్లం కలిపి అలవాటు చేస్తుంటిమి. పరాయి ఊర్ల గూడ బెల్లం కలిపితే ఇంటి నీళ్ళే అనుకొని తాగుతది. వాళ్ళకు బెల్లం దొరకలేదేమో.’

కంబళి కథ మాత్రం ఆయన నమ్మలేదు. కొంచెంసేపు ఆగి, ‘అయినా ఏమో, గుర్రం గుర్రానికొక తీరు’ అన్నాడు.

తర్వాత ఏడాదో ఎప్పుడో ఆయనకు ఇంకో గుర్రం కథ దొరికింది. ఓవర్‌డోజ్. ఇంగ్లండులో 2,000 గినీలకే, అంటే రేసు గుర్రాల లెక్కలో పారేసిన ధరకు, వేలంలో కొని హంగేరీలో తర్ఫీదు ఇచ్చిన మగగుర్రం. వరసగా గెలుస్తూ పోయింది. 2008లో పారిస్‌లో ఒక పెద్ద పందెంలో అందరికంటే ముందు గీత దాటింది, కానీ ఒక గుర్రం గేటు తెరుచుకోలేదని ఆ పరుగే చెల్లదన్నారు. మళ్ళీ పెట్టిన పరుగులో దీన్ని దింపలేదు. హంగేరీ అంతా ఇంట్లో మనిషికి అన్యాయం జరిగినట్టు కుతకుతలాడింది. మరుసటి వసంతంలో అది బుడాపెస్ట్ కించెమ్ పార్కులో పరిగెత్తితే మెట్రోలో కాలు పెట్టే చోటు లేదు. 1925 నాటి ఆ రేసుకోర్సులో మామూలు రోజుల్లో ముసలివాళ్ళు పెన్సిళ్ళు చెవిలో పెట్టుకుని అక్కడక్కడా కూర్చుంటారు. ఆ రోజు పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు, ముఖాలకు రంగులు పూసుకున్నవాళ్ళు, వేలమంది. పందెం నిమిషం లోపే అయిపోయింది. నాకు కనబడింది ముందాయన టోపీ, కొంచెం దుమ్ము. చుట్టూ వచ్చిన అరుపును బట్టి గెలిచిందని అర్థమైంది.

2015లో, నేను హైదరాబాద్ వచ్చేశాక, ఓవర్‌డోజ్ చచ్చిపోయిందని చదివాను. అదీ శూలతోనే. నాయినకు చెబితే తల పంకించి, ‘నడిపించిన్రా?’ అని అడిగాడు.

*

అప్పటికి నాయిన పని మానేసి చాలా రోజులైంది. పరిగెత్తే వయసు దాటిన కొన్ని గుర్రాలు బారాత్‌లకు పోయేవి. మా వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు పోతే నాయిన పెళ్ళికొడుకును చూడడు, గుర్రాన్ని చూస్తాడు. ఒకసారి బ్యాండు మోతకు బెదురుతున్న గుర్రాన్ని చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పోయి పగ్గం అందుకున్నాడు. ‘ట్చ్... ట్చ్’ అంటూ ఫంక్షన్ హాలు దాకా నడిపించి వచ్చాడు. వాళ్ళు ఆయన్ని గుర్రం తోలేవాడే అనుకుని భోజనం పెట్టి పంపారట. బిర్యానీ బాగుందన్నాడు.

ఇంట్లో ఇనప్పెట్టెలో ఆయన ఆస్తి ఒక పేపరు కటింగు. ఒక అక్టోబరు 2న, మలక్‌పేటలో జరిగే పెద్ద పందెం డెక్కన్ డెర్బీ గెలిచిన గుర్రం ఫోటో. యజమాని కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు, జాకీ టోపీ తీశాడు, ట్రైనర్ గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. ఎడమ అంచున గుర్రం మూతి దగ్గర ఒక చెయ్యి, గంజి పెట్టిన తెల్ల చొక్కా మడత. మోచేతి దాకా ఉంది, అక్కడికి ఫోటో అయిపోయింది. ‘గది నేనే’ అని వచ్చిన చుట్టాలందరికీ చూపించేవాడు. ఎవరూ కాదనలేదు.

ఫ్రాంకీ సంగతి ఆయన మరిచిపోలేదు. అప్పుడు నా చిన్న కెమెరాలో ఆ షో కొంత తీశాను. చీకట్లో తీసిన వీడియో, సగం మసక. ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. హుస్సార్లు వచ్చారు, ఏమీ అనలేదు. అయిదు గుర్రాల దౌడుకు ‘వారెవ్వా’ అన్నాడు. కంబళి దృశ్యం రాగానే కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా జరిగాడు. గుర్రం కంబళి లాగింది, కుర్రాడి మీద పడింది, కుర్రాడు లేచి పగ్గం పట్టుకుని గుర్రాన్ని పెట్టెలోంచి దింపాడు. నేను నాయిన ముఖమే చూస్తున్నాను.

‘ఆపు, ఆపు. ఎనుకకు తిప్పు.’

తిప్పాను.

‘సూడు, పగ్గం చేతికి సుట్టుకుండు! వీడేం సైసు? గుర్రం బెదిరి ఒక్క గుంజు గుంజితే చెయ్యి ఊడొస్తది. ఎవ్వలు నేర్పలేదా పోరనికి?’

‘వాడు నటుడు నాయినా, సైసు కాదు.’

‘నటుడైతే గుర్రానికి తెలుస్తదా?’ అని మంచం మీంచి లేచాడు. దండెం మీంచి అమ్మ పాత చీర లాగి, కొసను మడతలు మడతలుగా అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు పైకి రానిచ్చి, రెండో చెయ్యి గుర్రం గదవ ఉండాల్సిన చోట గాలిలో పెట్టి, ‘గిట్ల పట్టాలె. ఇడవాలంటే ఇడిసిపోవాలె, పట్టాలంటే పట్టు తప్పొద్దు. పట్టు, నువ్వు పట్టు’ అంటూ రెండో కొస నాకిచ్చాడు. వంటింట్లోంచి అమ్మ ‘ఉతికి ఆరేసిన చీర అది’ అని అరుస్తూనే ఉంది.